తీగ ఇక్కడ, కూడలి ఎక్కడో

విద్యుత్తు చౌకగా దొరికే చోట బిట్‌కాయిన్ తవ్వకం తప్పక లాభిస్తుందన్న అభిప్రాయం లోకంలో స్థిరపడిపోయింది. ఆ అభిప్రాయంలో సగమే నిజం ఉంది. తక్కిన సగం విద్యుత్తు తీగలో కాక సమాచారాన్ని మోసే తీగలో ఉంది. నెట్‌వర్క్ సౌకర్యంలోని తేడాలు ఒక ప్రాంతాన్ని ఎలా ముందుకు తోస్తాయో, మరొక ప్రాంతాన్ని ఎలా వెనక్కు నెడతాయో గత పదిహేనేళ్ల క్రిప్టో కరెన్సీ చరిత్ర విస్పష్టంగా చూపింది. ఆ పాఠం నాణేల తవ్వకందారులకు మాత్రమే పరిమితమైనది కాదు. సహజ సంపద పుష్కలంగా ఉండి కూడా లాభాల వాటాలో చివరి వరుసలో నిలబడుతున్న ప్రతి ప్రాంతానికీ అది వర్తిస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌ను ఆ కోణంనుంచి పరిశీలించడం ప్రయోజనకరం.

బిలాస్‌పూర్ తెలుగువారికి పరాయి ఊరు కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ పట్టణాన్ని కూడలిగా మలిచిన నాటినుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వారు రైల్వే కొలువులకై అక్కడికి వలస వెళ్లి స్థిరపడ్డారు. 1931లో రాయ్‌పూర్–విజయనగరం మార్గం పూర్తికావడంతో ఆ రాకపోకలు మరింత సులువయ్యాయి. నేడు ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం బిలాస్‌పూర్. 1985లో ఏర్పడిన సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ సంస్థకు ప్రధాన కార్యాలయమూ అక్కడే. దేశంలోకెల్లా పెద్దదైన గెవ్రా బొగ్గు గని పొరుగున కోర్బా జిల్లాలో ఉంది. పట్టణానికి సమీపంలోని సీపత్‌లో ఎన్‌టీపీసీ వారి 2,980 మెగావాట్ల విద్యుత్ కేంద్రం పనిచేస్తున్నది. బొగ్గు, విద్యుత్తు, రైలు మూడూ ఒక్కచోట కలిసిన ఇటువంటి ఊళ్లు దేశంలో బహు తక్కువ. విద్యుత్తు ఒక్కటే నిర్ణాయకమైతే గణన యంత్రాలన్నీ ఎన్నడో ఇటు తరలి రావలసింది. అలా జరగలేదు. మన పన్నుల విధానం అందుకు ఒక కారణమైతే, పోటీ స్వభావమే మరొక కారణం.

ఆరు సెకన్ల విలువ

బిట్‌కాయిన్ అంటే ప్రపంచమంతటా ఒకే ప్రతిగా సాగే ఒక చిట్టా. 2009 జనవరి 3న మొదలైన ఈ చిట్టాలో సగటున పది నిమిషాలకొక కొత్త పుట చేరుతుంది. దానినే బ్లాక్ అంటారు. పుటను చేర్చే హక్కు కోసం లక్షలాది యంత్రాలు ఏకకాలంలో లెక్కలు కడుతూ పోటీ పడతాయి. ముందుగా సరైన జవాబు తట్టిన వారికి కొత్త నాణేలు బహుమతిగా లభిస్తాయి. మొదట 50 నాణేలుగా ఉన్న ఆ బహుమతి సుమారు నాలుగేళ్లకొకసారి సగమవుతూ 2024 ఏప్రిల్‌లో 3.125కు దిగింది.

ఇక్కడొక చిక్కు ఉంది. ఒకరు పుటను కనుగొన్న సంగతి మిగతా వారికి తెలిసేదాకా వారంతా పాత పుట మీదనే లెక్క కడుతుంటారు. ఆ శ్రమ వృథా. ఈలోగా వారిలో ఎవరికైనా జవాబు దొరికితే ఒకే స్థానానికి రెండు పుటలు పోటీకి దిగుతాయి. ఎక్కువమంది దేనిని ముందుగా అందుకుని దానిపై లెక్క కొనసాగిస్తారో అది సాధారణంగా నిలుస్తుంది. రెండవది లెక్కలో ఏ తప్పూ లేకపోయినా చెల్లకుండా పోతుంది. దానిపై ఖర్చయిన విద్యుత్తు బిల్లు మాత్రం చెల్లించక తప్పదు.

జ్యూరిక్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన డెకర్, వాటెన్‌హోఫర్ అనే పరిశోధకులు 2013లో ఈ జాప్యాన్ని కొలిచి చూశారు. కొత్త పుట నెట్‌వర్క్‌లోని సగం కేంద్రాలకు చేరడానికి 6.5 సెకన్లు పడుతోందని, 40 సెకన్లు గడిచినా ఇరవైలో ఒక కేంద్రానికి అది అందడం లేదని తేలింది. పుట పరిమాణం పెరిగేకొద్దీ జాప్యం పెరుగుతున్నదని కూడా వారు నిర్ధారించారు.

ఆరు సెకన్లు స్వల్పమని తోచవచ్చు. కాని పది నిమిషాలలో ఆరు సెకన్లంటే నూరింట ఒక వంతు. నూరు రూపాయల రాబడిపై తొంభై రూపాయలు విద్యుత్తుకు, యంత్రాలకు, అద్దెకు పోయే వ్యాపారంలో మిగిలేది పది. రాబడిలో ఒక రూపాయి తరుగు పడితే లాభంలో పదో వంతు ఎగిరిపోయినట్లే. ఎదుటివాడికి ఆ తరుగు లేనప్పుడు అతడు ఆ మేరకు కొత్త యంత్రాలు కొంటాడు. పోటీ తీవ్రమయ్యేకొద్దీ యూనిట్ ధరలో పది పైసల తేడా ఎంత నిర్ణాయకమో, వార్త అందడంలో కొన్ని సెకన్ల తేడా కూడా అంతే నిర్ణాయకమవుతుంది.

ఈ నష్టం అందరికీ సమానంగా పంచబడదన్నది మరింత గమనించవలసిన విషయం. మొత్తం లెక్కింపు శక్తిలో ముప్ఫై శాతం గల పెద్ద సంస్థ, తాను కనుగొన్న పుటల విషయంలో ఎవరి వార్త కోసమూ ఎదురు చూడనక్కర లేదు. ప్రతి పదింటిలో మూడు పుటలకు దానికి జాప్యమే లేదు. ఒక శాతం శక్తి కలిగిన చిన్న తవ్వకందారు దాదాపు ప్రతి పుటకూ ఇతరుల వార్త మీదనే ఆధారపడాలి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇట్టాయ్ ఎయాల్, ఎమిన్ గున్ సిరేర్ 2013లోనే దీనిలోని ప్రమాదాన్ని ఎత్తి చూపారు. కనుగొన్న పుటను కొంతసేపు దాచి ఉంచి, అదను చూసి విడుదల చేసే బృందం న్యాయమైన వాటాకు మించి సంపాదించగలదని వారు గణితపరంగా నిరూపించారు. నెట్‌వర్క్‌లో వార్తను వేగంగా వెదజల్లే సామర్థ్యం ఏమీ లేకపోతే ఆ బృందానికి మూడో వంతు శక్తి కావాలి. ఆ సామర్థ్యం పెరిగేకొద్దీ కావలసిన శక్తి తగ్గిపోతుంది. లెక్కింపు శక్తి లోపాన్ని తీగ వేగం పూరించగలదని దీని భావం.

కేంద్రం ఎక్కడుంటే దూరం అక్కడినుంచి

ఇంటర్నెట్ సౌకర్యం బాగున్న దేశమే ఈ పోటీలో గెలవాలని సామాన్య తర్కం చెబుతుంది. జరిగింది అందుకు భిన్నం. 2015 నాటికి లెక్కింపు శక్తిలో సగానికి పైగా చైనాలోని పూల్‌ల చేతిలో ఉంది. చైనాను బయటి ప్రపంచంతో కలిపే ఇంటర్నెట్ మార్గాలపై ప్రభుత్వ వడపోత, నియంత్రణలున్నాయి. సరిహద్దు దాటే సమాచారం నెమ్మదించడం అక్కడ సర్వసాధారణం. ఆ నెమ్మది చైనావారిని దెబ్బతీయాలి కదా అనిపిస్తుంది. కాని మెజారిటీ గోడకు లోపలే ఉన్నప్పుడు లోపలివారి వార్త లోపలివారికి చప్పున అందుతుంది. గోడ బయట ఎంత మేలైన తీగ ఉన్నవారికైనా ఆ వార్త ఆలస్యంగానే చేరుతుంది. ఈ పోటీలో దూరాన్ని కొలవవలసింది సముద్రపు కేబుల్ నుంచి కాదు, లెక్కింపు శక్తి అధికంగా పోగైన చోటినుంచి. సగానికి మించిన వారెక్కడుంటే అదే కేంద్రం, మిగతాదంతా శివారు.

అయితే చైనా పూల్‌లకు ఈ విషయంలో చింత లేకపోలేదు. పుట పరిమాణాన్ని ఒక మెగాబైట్ నుంచి ఒక్కసారిగా 20 మెగాబైట్లకు పెంచాలన్న ప్రతిపాదన 2015లో వచ్చినప్పుడు చైనాకు చెందిన ఐదు ప్రధాన పూల్‌లు దానిని వ్యతిరేకించి, 8 మెగాబైట్లకైతే సమ్మతిస్తామన్నాయి. తమ దేశపు ఇంటర్నెట్ సామర్థ్యమే వారు చెప్పిన ప్రధాన కారణం. ప్రపంచవ్యాప్త వ్యవస్థ నియమాలను ఒక దేశపు సరిహద్దు తీగలు ఎంతగా ప్రభావితం చేయగలవో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర లేదు.

వేగం కోసం పెడదారి పట్టినవారూ ఉన్నారు. పుట పూర్తిగా అందేవరకు ఆగి దాని మంచిచెడ్డలు తనిఖీ చేస్తే క్షణాలు పోతాయని, శీర్షిక అందగానే తనిఖీ లేకుండా దానిపై లెక్క మొదలుపెట్టే పద్ధతి ప్రబలింది. దాని ఫలితం 2015 జూలై 4న బయటపడింది. నిబంధనలకు విరుద్ధమైన ఒక పుట మీద తనిఖీ చేయని పూల్‌లు వరుసగా పుటలు పేర్చుకుంటూ పోయాయి. ఆరు పుటల గొలుసు చెల్లకుండా పోయింది. సరుకు చూడకుండా రశీదు చూసి బండి కదిలించిన గుమాస్తాకు ఏ గతి పడుతుందో వారికీ అదే గతి పట్టింది.

దిద్దుబాట్లు కూడా లేకపోలేదు. పుటలోని లావాదేవీలలో అధిక భాగం అందరి వద్దా ముందే చేరి ఉంటాయి గనుక, మొత్తం సరుకును మళ్లీ పంపకుండా క్రమసంఖ్యల చిన్న పట్టికను మాత్రం పంపే పద్ధతి 2016లో వచ్చింది. పుటలను ఖండాంతరాలకు శరవేగంతో చేరవేసే ప్రత్యేక మార్గాలు ఏర్పడ్డాయి. 2017లో ఒక సంస్థ ఉపగ్రహం ద్వారా బ్లాక్‌ల ప్రసారం ప్రారంభించింది. వీటి ఫలితంగా చెల్లకుండా పోయే పుటల సంఖ్య బాగా తగ్గింది. 2013 నాటి సెకన్ల జాప్యం నేడు చాలామేరకు సెకనులో భాగాలకు దిగింది.

అలాగని తగాదా తీరినట్లు భావించరాదు. చిన్న తవ్వకందారులు విడివిడిగా పోటీ పడలేక పూల్‌లలో చేరారు. పూల్‌లో చేరినవారి యంత్రాలకు కావలసిన తీగ చాలా సన్ననిది. పూల్ నుంచి పని అందుకోవడం, లెక్క కట్టి జవాబు తిప్పి పంపడం మాత్రమే వారి వంతు. పుటలో ఏ లావాదేవీలు ఉండాలో నిర్ణయించడం, దానిని ప్రపంచానికి చాటడం పూల్ సర్వర్ల పని. ఆ సర్వర్లు ఉండేది తీగలు కలిసే మహానగర కూడళ్లలో. మారుమూల షెడ్డు కేవలం విద్యుత్తును, వేడిని, శబ్దాన్ని భరిస్తుంది. ఇటీవలి సంవత్సరాలలో ఫౌండ్రీ యూఎస్ఏ, యాంట్‌పూల్ అనే రెండు పూల్‌లే ప్రపంచంలోని మొత్తం బ్లాక్‌లలో సగానికి అటూఇటూగా చేజిక్కించుకుంటున్నాయి. 2014 జూన్‌లో జీహ్యాష్ అనే ఒక్క పూల్ సగం గీత దగ్గరకు వచ్చినప్పుడు చెలరేగిన ఆందోళన నేడు పలుచబడింది గాని, కారణం పలుచబడలేదు. యంత్రాలు పది దేశాలలో చెదిరి ఉన్నంతమాత్రాన అధికారం చెదిరినట్లు కాదు.

తెగిన తీగల పాఠం

సెకన్ల జాప్యం లాభాన్ని కొరుక్కు తింటే, తీగ పూర్తిగా తెగిపోవడం వ్యాపారాన్నే మింగుతుంది. 2021 ఏప్రిల్‌లో చైనాలోని షిన్‌జియాంగ్‌లో ఒక బొగ్గు గనిలోకి నీరు చేరి ప్రమాదం సంభవించింది. భద్రతా తనిఖీల పేరిట విద్యుత్ సరఫరా ఆగిపోయి, ప్రపంచ లెక్కింపు శక్తి ఒక్కసారిగా గణనీయంగా పడిపోయింది. అదే ఏడాది చైనా ప్రభుత్వం తవ్వకాన్ని నిషేధించింది. 2019 సెప్టెంబరులో ప్రపంచంలోని మొత్తం శక్తిలో మూడు వంతులు చైనాలోనే ఉందని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ అధ్యయన కేంద్రం అంచనా. నిషేధం తర్వాత 2021 ఆగస్టు నాటికి అమెరికా 35 శాతంతో మొదటి స్థానానికి, కజకిస్థాన్ 18 శాతంతో రెండో స్థానానికి చేరాయి.

కజకిస్థాన్‌లో బొగ్గు విద్యుత్తు చౌక, సరిహద్దు దగ్గర. యంత్రాలు అక్కడికి తరలిపోవడంలో ఆశ్చర్యం లేదు. కాని 2022 జనవరిలో ఇంధన ధరలపై మొదలైన నిరసనలు హింసాత్మకంగా మారడంతో అక్కడి ప్రభుత్వం దేశమంతటా ఇంటర్నెట్‌ను నిలిపివేసింది. షెడ్లలో విద్యుత్తు ఉన్నా, యంత్రాలు ఉన్నా వార్త పోయే దారి లేదు. ప్రపంచ లెక్కింపు శక్తిలో సుమారు పదో వంతు గంటల వ్యవధిలో మాయమైంది. ఆ శక్తి చేయవలసిన పనిని ఇతర దేశాల యంత్రాలు పంచుకున్నాయి. చౌక బొగ్గు తెచ్చిపెట్టిన ఆధిక్యాన్ని ఒక్క ప్రభుత్వ ఉత్తరువు తుడిచిపెట్టిందని ఈ ఉదంతం తేల్చి చెప్పింది.

దీనికి ఎదురు ఉదాహరణ మన పొరుగునే ఉంది. సముద్రమే లేని భూటాన్ తన జలవిద్యుత్తుతో బిట్‌కాయిన్ తవ్వకం చేపట్టి 2024 నాటికి వేల సంఖ్యలో నాణేలు కూడబెట్టిన సంగతి వెల్లడైంది. ఆ దేశపు అంతర్జాతీయ ఇంటర్నెట్ ప్రధానంగా భారత భూభాగం గుండానే సాగుతుంది. సన్నని తీగతోనైనా పోటీలో నిలబడవచ్చని, అయితే ఆ తీగ తెగకుండా ఉండాలని భూటాన్ అనుభవం సూచిస్తున్నది. విద్యుత్తు, షెడ్డు, నాణెం మూడూ ఒకే ప్రభుత్వ యాజమాన్యంలో ఉన్నందువల్ల లాభం కూడా దేశంలోనే మిగిలింది. వనరు ఉండడం వేరు, వనరుపై రాబడి మిగలడం వేరు. ఈ తేడాను బిలాస్‌పూర్ వాసులకు ప్రత్యేకించి బోధించనవసరం లేదు.

బిలాస్‌పూర్‌కు ఏమి కావాలి?

ఈ ప్రాంతపు ఆర్థిక చరిత్ర చేరువలో ఉన్న సంపదకు ప్రయోజనం దూరమైన చరిత్ర. 1952లో మొదలై 1990ల ఆరంభందాకా సాగిన రవాణా ఛార్జీల సమీకరణ విధానం కింద భిలాయిలో తయారైన ఉక్కు ఫ్యాక్టరీ పక్కనున్న వారికీ, బొంబాయి వారికీ దాదాపు ఒకే ధరకు లభించేది. గని పక్కనే ఫ్యాక్టరీ పెట్టే ఆకర్షణ దానితో పోయి, పరిశ్రమలు రేవు పట్టణాలకు తరలాయి. ఆనాడు ప్రభుత్వ ఉత్తరువు చేసిన పనిని ఈనాడు ఏ ఉత్తరువూ లేకుండానే నెట్‌వర్క్ కూడళ్లు చేస్తున్నాయి.

రైలు మార్గంపై మరొక అనుభవం కూడా ఉంది. 2022 వేసవిలో విద్యుత్ కేంద్రాలకు బొగ్గు కొరత ఏర్పడినప్పుడు బొగ్గు రేకులకు దారి ఇవ్వడానికి ఆగ్నేయ మధ్య రైల్వేలో అనేక ప్యాసింజర్ రైళ్లను రద్దు చేశారు. దేశానికి వెలుగు పంపే ఊరివారు తమ ఊరికి పోయే బండి కోసం ఎదురు చూడవలసి వచ్చింది. పట్టాలు ఉన్నంతమాత్రాన ప్రయాణం సాగదని, ఎవరి బండికి సిగ్నల్ ఇవ్వాలన్నదే అసలు ప్రశ్న అని ఆ వేసవి తెలియజెప్పింది.

సమాచార తీగ విషయంలోనూ సరిగ్గా ఇదే పరిస్థితి. హౌరా–ముంబయి ప్రధాన మార్గంపై ఉన్న ఈ పట్టణానికి ఫైబర్ కొరత లేదు. 2000లో ఏర్పడిన రైల్‌టెల్ సంస్థ పట్టాల వెంబడే ఫైబర్ పరచింది. బిలాస్‌పూర్ నుంచి ముంబయికి రైలు దారిన పన్నెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది గనుక ఆ దూరం దాటడానికి సెకనులో వందో వంతు కూడా పట్టదు. జాప్యానికి కారణం దూరం కాదు. గూడ్సు బండి పరుగులో కంటే ఔటర్ సిగ్నల్ దగ్గర ఎక్కువ కాలం ఎలా పోగొట్టుకుంటుందో, సమాచారమూ తీగలో కంటే కూడళ్లలో, రద్దీలో, మరమ్మతు చేయని తెగుళ్లలో ఎక్కువ కాలం పోగొట్టుకుంటుంది. ఒకే మార్గంపై ఆధారపడిన జిల్లాలో రోడ్డు పనుల గునపం ఒక్కటి తగిలితే చాలు, బ్యాంకు, ఆసుపత్రి, రేషన్ దుకాణం ఒకేసారి మూగబోతాయి.

కనుక బిట్‌కాయిన్ షెడ్లను బిలాస్‌పూర్‌కు ఆహ్వానించాలని ఎవరైనా సూచిస్తే, ఆ సూచనను అంగీకరించనవసరం లేదని మా అభిప్రాయం. ప్రపంచ బిట్‌కాయిన్ తవ్వకం ఏటా పది వేల కోట్ల యూనిట్లకు పైగా విద్యుత్తును హరిస్తున్నది. సీపత్ కేంద్రం ఏడాది పొడవునా క్షణం ఆగకుండా పూర్తి సామర్థ్యంతో పనిచేసినా 2,600 కోట్ల యూనిట్ల చిల్లర మాత్రమే వస్తుంది. అంటే అటువంటి కేంద్రాలు దాదాపు నాలుగు దీనికే అంకితం కావాలి. హస్‌దేవ్ అడవుల్లో గనుల విస్తరణను ప్రతిఘటిస్తూ ఆదివాసులు ఏళ్ల తరబడి ఆందోళన సాగిస్తున్న రాష్ట్రంలో, బొగ్గును మండించి నాణేల లెక్కలు కట్టడాన్ని అభివృద్ధి అనలేము. యంత్రాల షెడ్డు కల్పించే ఉద్యోగాలు కూడా స్వల్పమే. కాపలాదారులు, ఎలక్ట్రీషియన్లు, కొద్దిమంది సాంకేతిక నిపుణులు చాలు. పూల్ రుసుము, లావాదేవీల ఎంపిక, యంత్రాల తయారీ లాభం అన్నీ వేరే చోట్లకు పోతాయి. బొగ్గు తవ్వకంలో జరిగినదే నాణేల తవ్వకంలోనూ పునరావృతమవుతుంది.

కేంద్ర ప్రభుత్వ విధానం కూడా ఈ వ్యాపారానికి ప్రోత్సాహకరంగా లేదు. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు విధించిన బ్యాంకింగ్ ఆంక్షను 2020 మార్చి 4న సుప్రీం కోర్టు కొట్టివేసినప్పటికీ, 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో ఆస్తుల లాభాలపై 30 శాతం పన్ను అమలులోకి వచ్చింది. తవ్వకానికి పెట్టిన యంత్రాల ఖర్చును ఆ లాభంలోంచి మినహాయించుకోవడానికి వీలు లేదని ప్రభుత్వం పార్లమెంటులో స్పష్టం చేసింది. విద్యుత్తు, యంత్రాల ఖర్చే ప్రధానమైన వ్యాపారంలో ఈ నిబంధన ఎంత బరువో చెప్పనక్కర లేదు.

అయితే నాణేల తవ్వకం మనకు వద్దనుకున్నంతమాత్రాన నెట్‌వర్క్ సమానత్వం ప్రశ్న తొలగిపోదు. క్రిప్టో పోటీ ఆ ప్రశ్నను అంకెలతో చూపిన ఒక నమూనా మాత్రమే. అందులో జాప్యం వల్ల కలిగే నష్టాన్ని పైసలతో సహా లెక్కించవచ్చు. పాఠశాల విద్యార్థి పరీక్ష దరఖాస్తు, రైతు ధాన్యం అమ్మకం నమోదు, రోగి వైద్య సలహా ఆలస్యమైనందువల్ల కలిగే నష్టాన్ని ఎవరూ లెక్క కట్టడం లేదు. లెక్క కట్టనంతమాత్రాన నష్టం లేనట్లు కాదు.

రానున్న సంవత్సరాలలో ఈ అంతరం మరింత పెరిగే సూచనలున్నాయి. 2025 మేలో నవ రాయ్‌పూర్‌లో కృత్రిమ మేధ డేటా కేంద్రాల పార్కుకు శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో డేటా కేంద్రాన్ని, సముద్రగర్భ కేబుళ్లు తీరం చేరే కూడలిని నెలకొల్పుతామని ప్రకటించింది. ఇంతకాలం ముంబయి, చెన్నైల వంటి కొద్ది రేవులకే పరిమితమైన అంతర్జాతీయ కూడలి తూర్పు తీరానికి, మన తెలుగు గడ్డకు విస్తరించడం హర్షణీయం. కాని 1931లో విజయనగరం–రాయ్‌పూర్ మార్గం పడినప్పుడు మధ్య భారతపు ఖనిజం విశాఖ రేవుకు దిగిందే గాని, రేవు సంపద అంతే సులువుగా ఎగువకు ఎక్కలేదు. సమాచార మార్గం విషయంలో ఆ చరిత్ర పునరావృతం కారాదు.

ఇందుకు చేయవలసినవి అసాధ్యమైనవేమీ కావు. మొదటిది, బొగ్గు జిల్లాల పట్టణాలకు కనీసం రెండు వేర్వేరు ఫైబర్ మార్గాలుండాలి. ఒకటి తెగితే రెండవది పనిచేయాలి. పట్టాల వెంబడి ఇప్పటికే ఉన్న రైల్‌టెల్ ఫైబర్, 2023లో కేంద్రం 1.39 లక్షల కోట్ల రూపాయలతో ఆమోదించిన సవరించిన భారత్‌నెట్ పథకం ఈ లక్ష్యానికి ఉపకరిస్తాయి. రెండవది, స్థానిక సమాచారం మహానగరం చుట్టి రానవసరం లేకుండా, దేశీయ ఇంటర్నెట్ మార్పిడి కేంద్రాలను జోనల్ రైల్వే కేంద్రాల వంటి మధ్యతరహా పట్టణాలకూ విస్తరించాలి. ఈ పని కోసమే 2003లో నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది.

మూడవది, ఇంటర్నెట్ నిలిపివేతలను అత్యవసర సందర్భాలకు కచ్చితంగా పరిమితం చేయాలి. నిరవధిక నిలిపివేత చెల్లదని, ఉత్తరువులు బహిర్గతం చేయాలని సుప్రీం కోర్టు 2020 జనవరి 10న విస్పష్టంగా ఆదేశించింది. అయినా ఈ విషయంలో ప్రజాస్వామ్య దేశాలన్నింటిలో మన పేరే ముందు వినిపించడం గౌరవప్రదం కాదు. కజకిస్థాన్‌లో ఒక్క ఉత్తరువు ఒక పరిశ్రమను ఎలా మూగబోయేలా చేసిందో ముఖ్యమంత్రులు గమనించాలి. నాలుగవది, జిల్లా మొత్తం మీద నాలుగు గంటలకు మించిన అంతరాయాన్ని కంపెనీలు ట్రాయ్‌కు నివేదించాలన్న 2024 నాటి నిబంధనను కాగితాలకు పరిమితం చేయక, జిల్లాలవారీ వివరాలను ప్రజలకు అందుబాటులో ఉంచాలి. ఏ జిల్లా ఎన్ని గంటలు మూగబోయిందో తెలిసినప్పుడే ఎవరిని నిలదీయాలో తెలుస్తుంది.

రైల్వే కాలనీలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల మూడో తరం నేడు కొలువులకై హైదరాబాదుకు, బెంగళూరుకు వలస పోతున్నది. వారి ముత్తాతలు కూడలి ఉన్న చోటికి పని వెతుక్కుంటూ బిలాస్‌పూర్‌కు వచ్చారు. నేడు పని ఉన్న కూడలి మారింది. కూడలి సహజంగా పుట్టేది కాదు. ఒకప్పుడు ఒక రైల్వే కంపెనీ నిర్ణయించి అక్కడ దానిని నిర్మించింది. సమాచార యుగపు కూడళ్లు ఎక్కడ ఉండాలో నిర్ణయించే పనిని కొద్దిపాటి కంపెనీల సౌలభ్యానికే వదిలివేస్తే, బొగ్గు ఉన్న ఊరికి బూడిద, తీగ పోయే ఊరికి స్తంభాలు మాత్రమే మిగులుతాయి. ప్రణాళికాకర్తలు ఆ గతి పట్టనివ్వరాదు.